గోడ వెంట ఆకుపచ్చ గీత

ఆ వానాకాలం మొదలవుతూనే నా నెత్తిన రెండు వచ్చిపడ్డాయి. ఒకటి ఏడో తరగతి భూగోళంలో కొత్త యూనిట్. రెండోది మా అత్తగారు. ఆవిడ కొత్తగా వచ్చిందేమీ లేదు, పదకొండేళ్ళుగా మాతోనే ఉంటున్నారు. ఆ ఏడు మాత్రం ఆవిడ పద్ధతి మారిపోయింది, నా ఓపిక అయిపోయింది. వానలు వెనకబట్టేలోగా ఆవిడను మా వదినగారింటికి, అంటే ఆవిడ కూతురి దగ్గరికి, పంపించెయ్యాలని నాలో నేనే తీర్మానం చేసేసుకున్నాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

ముందు యూనిట్ సంగతి. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి, పిల్లల చేత అట్లాసులు తెరిపించి, నా గొంతు నేను చించుకుని పాఠం చెప్పుకుంటున్నదాన్ని. బడి తెరిచిన వారానికి హెడ్మాస్టరు పిలిచి ఉపాధ్యాయుల కరదీపిక ఒకటి చేతిలో పెట్టారు. యూనిట్ పేరు 'మన చోటు, మన దారులు'. మొత్తం నలభై పేజీలు. పాఠం మూడు పేజీలు, మిగతావన్నీ కృత్యాలు.

"ఇకమీదట మీరు తక్కువ మాట్లాడాలి మేడమ్, పిల్లలు ఎక్కువ చెయ్యాలి," అన్నారాయన.

"నేను మాట్లాడుతుంటేనే గోల చేస్తారు సార్. నోరు మూసుకుంటే పైకప్పు ఎగిరిపోతుంది."

"ఎగరనివ్వండి. వచ్చే నెల తనిఖీ అధికారి వస్తున్నారు. మీ క్లాసే చూపిద్దామనుకుంటున్నాం."

అనుకున్నది ఆయన, చూపించాల్సింది నేను. నలభై రెండు మంది పిల్లలున్న గదిలో బల్లలన్నీ గోడకు జరిపి దిక్కుల ఆట ఆడించాను. ఉత్తరం అంటే సగం మంది కిటికీ వైపు, సగం మంది తలుపు వైపు పరిగెత్తి ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. పక్క గది లెక్కల మాస్టారు వచ్చి, "ఏమైనా కూలిందా?" అని అడిగి వెళ్ళాడు.

రెండో కృత్యం ఇంకా ఘోరం. ఒకరి కళ్ళకు గంతలు కట్టాలి, ఇంకొకరు 'మూడడుగులు ముందుకు, రెండడుగులు కుడికి' అని దారి చెప్పాలి. చెప్పేవాళ్ళు బాగానే చెబుతున్నారు. గంతలు కట్టినవాళ్ళే, గదిలో ఎక్కడ వదిలిపెట్టినా, తడుముకుంటూ పోయి గోడ పట్టుకుని దాని వెంటే నడిచేవాళ్ళు. "గోడ ముట్టుకోకూడదు! ముట్టుకుంటే ఆట ఎలా అవుతుంది?" అని వందసార్లు అరిచాను. ఒక్కరు వింటే ఒట్టు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ఇంటికొస్తే అత్తగారు. హాలుకు కొత్తగా రంగు వేయించి ఏడాది కాలేదు. గోడ మీద నడుమెత్తున జిడ్డు మరక, ఆవిడ గది గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా ఒకటే చార. టీ గ్లాసు బల్ల అంచుకు పెట్టేవారు, అది కాస్తా కిందపడేది. చక్కెర డబ్బాలో ఉప్పు పోసి పెట్టారు ఒకరోజు. నేను కుర్చీ ఎటన్నా జరిపి బడికి వెళ్తే, తిరిగొచ్చేసరికి అది మళ్ళీ పాత చోట ఉండేది. నలభై ఏళ్ళు చొక్కాలు కుట్టి కొడుకునీ కూతుర్నీ పెంచిన మనిషి, కుట్టుమిషన్ మీద మూత వేసేసి, "విసుగొచ్చింది, ఇక కుట్టను," అన్నారు. సరే, విసుగు అందరికీ వస్తుంది. మరి గోడేం పాపం చేసింది?

"అత్తయ్యా, రంగు పాడవుతోంది. కాస్త చెయ్యి తీసి నడవండి," అన్నాను.

"గోడలున్నది పట్టుకోవడానికే."

"పట్టుకోవడానికి కాదు, ఇల్లు నిలబడటానికి."

"నేనూ నిలబడాలిగా అమ్మాయ్."

ఆవిడతో మాటకు మాట నేనెప్పుడూ గెలవలేదు. తడిగుడ్డ పెట్టి గోడ తుడిచాను. మర్నాటికి మళ్ళీ చార తయారు.

మూడో కృత్యం ఊరి నమూనా. పాత కాగితాలు నానబెట్టి, దంచి, ఆ గుజ్జుతో ఊరి గుట్ట, చెరువు, వంతెన, వీధులు అన్నీ చెయ్యాలి. పిల్లలు మూడు వారాలు కష్టపడ్డారు. వాళ్ళు కష్టపడటం నేను అంతవరకు చూడలేదు గనుక, పైకి విసుక్కున్నా లోపల ముచ్చటేసింది. తీరా చేస్తే తరగతి గది కురుస్తోంది. గుజ్జు ఆరడం మాట దేవుడెరుగు, గుట్టకు బూజు పట్టడం మొదలైంది. తనిఖీకి ఇంకా వారమే ఉంది. శనివారం మధ్యాహ్నం దాన్ని బండిలో వేయించుకుని ఇంటికి తెచ్చాను. హాలు మధ్యలో, ఒక కొస గోడ దాకా వచ్చేలా పొడుగు బల్ల వేసి, దాని మీద నమూనా పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టి, స్నానానికి వెళ్ళాను.

నెత్తిన రెండు చెంబులు పోసుకున్నానో లేదో, ధడేల్‌మని చప్పుడు.

వచ్చి చూస్తే బల్ల పక్కకు పడి ఉంది. గుట్ట రెండు ముక్కలు. వంతెన ఎక్కడికి పోయిందో తెలియదు. అత్తగారు గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నారు, మోచేతి మీద చర్మం గీరుకుపోయి ఉంది. ఆ మోచెయ్యి నాకు కనిపించింది. కనిపించినా నేను చూసింది గుట్టనే.

"ఏం చేశారు అత్తయ్యా?"

ఆవిడ గడ్డం పైకెత్తి, "తోసేశాను," అన్నారు.

"తోసేశారా?"

"నా ఇంట్లో నడిమధ్యన ఈ చెత్తేమిటి? నాకు నచ్చలేదు. తోసేశాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. నలభై రెండు మంది పిల్లల మూడు వారాల పని అది. ఆ తడి జుట్టుతోనే అక్కడే నిలబడి మా వదినకు ఫోన్ చేశాను. "వదినా, వచ్చే ఆదివారం వచ్చి అత్తయ్యను తీసుకెళ్ళండి. నా వల్ల కాదు," అన్నాను, ఆవిడకు వినబడేలాగే. వదిన మంచిది, కారణం అడగలేదు, గది సర్ది ఉంచుతానంది. నేను ఫోన్ పెట్టేసేసరికి అత్తగారు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మా ఆయన బేకరీలో పనిచేస్తాడు. తెల్లవారకముందే వెళ్ళి పదకొండింటికి ఇంటికొచ్చి పడుకుంటాడు. ఆరోజు ఈ గొడవకే నిద్ర లేచి వచ్చి విషయం విన్నాడు. విని, కింద కూర్చుని గుట్ట ముక్కలు ఏరి ఒక అట్టపెట్టెలో పెట్టాడు.

"అమ్మ అలాంటి పని చెయ్యదు," అన్నాడు.

"చేశానని ఆవిడే చెబుతుంటే!"

"అదే నాకూ అర్థం కాలేదు," అన్నాడు. మా ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఆరోజు వాన రావాలి. వాన ఎలాగూ వస్తూనే ఉంది.

ప్రయాణం ఆదివారానికి కదా అని నేను అనుకుంటుండగానే ఆవిడ మంగళవారమే చీరలు సంచిలో సర్దేసుకున్నారు. నాతో మాటలు మానేశారు. నేనూ మానేశాను. ఉప్పు కావాలన్నా కొడుకుతో చెప్పించడమే.

నమూనా పోయింది గనుక శుక్రవారం తనిఖీకి చూపించడానికి నా దగ్గరేమీ లేదు. కరదీపిక చివరి పేజీల్లో ఇంకో కృత్యం దొరికింది. ఇంటి పటం గీసి, ఒక్కో మనిషికీ ఒక్కో రంగు పెట్టి, మూడు రోజులు ఎవరు ఎటు నడిస్తే అటు గీత గీసి, పక్కన వేళ రాయాలి. ఆ పటం ఎవరిదో చెప్పకుండా తగిలిస్తే, మిగతావాళ్ళు గీతలు చదివి ఆ ఇంట్లో ఎవరెవరున్నారో కనిపెట్టాలి. మచ్చుకు ఒక పటం ఉపాధ్యాయులే చెయ్యాలట. మచ్చు కూడా వాళ్ళే ఇచ్చి చావచ్చుగా! సరే, పిల్లల్ని వాళ్ళ ఇళ్ళ పటాలు గీసుకురమ్మని చెప్పి, మచ్చుకు మా ఇల్లే గీశాను. నాకు ఎరుపు, ఆయనకు నీలం, అత్తగారికి ఆకుపచ్చ. పగలు నేను బడిలో ఉంటాను కాబట్టి అత్తగారి గీత గీసే పని, నిద్ర లేచాక చూసి గియ్యమని, మా ఆయనకు అప్పజెప్పాను.

గురువారం సాయంత్రం పటం తెచ్చిచ్చాడు. చూడగానే ఒళ్ళు మండింది. ఆవిడ గది నుంచి వంటింటికి హాలు మధ్యనుంచి వెళ్తే ఎనిమిదడుగులు. ఆకుపచ్చ గీత అలా వెళ్ళలేదు. గది గుమ్మం దగ్గర గోడ పట్టుకుని, మూల తిరిగి, బీరువా చుట్టి, కిటికీ కిందనుంచి, ఇంకో మూల తిరిగి వంటింటికి చేరింది. ఒకసారి కాదు, మూడు రోజులూ అంతే.

"ఇదేం గీతండీ? ఎవరైనా ఇలా నడుస్తారా? నేరుగా గీసేస్తాను, చూడ్డానికి బాగుంటుంది," అన్నాను.

"గియ్యకు. చూసింది గీశాను. అమ్మ అలాగే నడుస్తోంది."

"ఎందుకలా?"

"నువ్వు పొద్దున్నే నేల తుడిచి వెళ్తావుగా. తడి తొక్కకూడదని అయ్యుంటుంది."

పొద్దున తుడిచిన నేల మధ్యాహ్నం దాకా తడిగా ఉంటుందా? అడగాలనిపించలేదు. ఓపిక లేదు. ఉన్నది ఉన్నట్టే పెద్ద చార్టు మీదికి దించుకున్నాను. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను గోడ వెంట నడిపిస్తూ, మూలలు తిప్పుతూ, అరగంట కూర్చుని ఆ గీత నా చేత్తో నేనే గీశాను.

శుక్రవారం అధికారి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు, పక్కనే హెడ్మాస్టరు. నేను చార్టు తగిలించి, ఎవరిల్లో చెప్పకుండా, "చదవండి," అన్నాను.

పిల్లలు ఎగబడ్డారు. ఎర్ర గీత అమ్మ అని చిటికెలో తేల్చేశారు, వంటింటికీ పెరటికీ మధ్య అది తాడంత లావైంది మరి. నీలం గీత పదకొండింటికి వచ్చి మంచం దగ్గర ఆగిపోయింది. "రాత్రి పని చేసే నాన్న!" అని ఒకడు, "కాదు, బద్ధకం నాన్న!" అని ఇంకొకడు. గది అంతా నవ్వులు. అధికారి కూడా నవ్వారు. నేను అనుకున్నదానికంటే బాగా నడుస్తోంది.

"మరి ఆకుపచ్చ?"

"పిల్లి టీచర్! పిల్లే గోడ వారన నడుస్తుంది!"

"దొంగ!"

"ఎవరికీ కనబడకూడదని దాక్కునే మనిషి!"

మళ్ళీ నవ్వులు. మూడో వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. నేను గుసగుస అని పేరు పెట్టుకున్న పిల్ల అది. దాని మాట ఎప్పుడూ నాలుగు బల్లల అవతలికి వినపడదు.

"గట్టిగా చెప్పు," అన్నాను.

"కళ్ళు కనిపించనివాళ్ళు టీచర్," అంది.

"ఎలా చెప్పగలవు?"

"మా తాత అలాగే నడుస్తాడు. గోడ లేనిచోటికి పోడు. మా ఇంట్లో మేం కుర్చీలు జరపం టీచర్." చార్టు దగ్గరికొచ్చి హాలు మధ్యలో వేలు పెట్టింది. "ఇక్కడ చూడండి, ఈ మనిషి ఒక్కసారి కూడా రాలేదు. ఒక్కసారి వచ్చి ఉంటే ఏదో తగిలి పడిపోయి ఉంటారు."

తోసేశాను అన్నప్పటి ఆ గడ్డం, గీరుకుపోయిన ఆ మోచెయ్యి కళ్ళముందు నిలబడ్డాయి. ఉప్పు, టీ గ్లాసు, పాత చోటికి వెళ్ళిపోయే కుర్చీ, మూత వేసిన మిషను ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. గంతలు కట్టిన నలభై రెండు మంది నా ముందే గోడ పట్టుకుని నడిస్తే గోడ ముట్టుకోవద్దని అరిచానే తప్ప, ఎందుకు పట్టుకుంటున్నారని ఒక్కసారి అనుకోలేదు. సిగ్గేసింది. ఆ తరవాత పిల్లలే ఒకరి పటాలు ఒకరు తగిలించుకుని, ఒకరినొకరు అడుగుతూ పీరియడ్ పూర్తి చేశారు. నేను కిటికీ దగ్గర నిలబడిపోయాను.

వెళ్తూ వెళ్తూ అధికారి రిజిస్టరులో ఏదో రాశారు. హెడ్మాస్టరు అది చదివి వినిపించి పొంగిపోయారు. "ఉపాధ్యాయురాలు చాలా తక్కువగా మాట్లాడారు, ప్రశంసనీయం అని రాశారు మేడమ్! నేను చెప్పానా లేదా?"

"చెప్పారు సార్," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి జోరువాన. లోపలికి వచ్చి చెప్పుల అలమర పక్కన, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అత్తగారు గదిలోంచి వచ్చారు. కుడిచెయ్యి గోడ మీద, చార మీదే. మూల తిరిగి, బీరువా దాటి, నాకు జానెడు దూరంలోంచి వెళ్ళారు. నా మొహం వైపు తిరగనేలేదు. వంటింటి గుమ్మం దగ్గర ఆగారు.

"వచ్చావా? గొడుగు నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. దొంగలా ఆ నిలబడటమేంటి?"

వారం తరవాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

ఏమిటని అడగలేదు ఆవిడ. తడుముకుని కుర్చీలో కూర్చున్నారు. "మిషను మూసిన దగ్గర్నుంచి. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో దాంట్లో ఎదురుగా ఉన్నది కాస్త తెలుస్తుంది. పక్కన ఏముందో తెలియదు."

"చెప్పచ్చుగా!"

"చెప్పి?"

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం కదా! తోసేశానని ఎందుకన్నారు? తగిలి పడ్డానని చెబితే నేనేమైనా అనేదాన్నా?"

"అనవు. అదే నా భయం," అన్నారు. "పొగరుబోతు ముసలిదాన్ని తిడతావు, పోట్లాడతావు, మర్నాడు అన్నం పెడతావు. కళ్ళులేని ముసలిదాన్నయితే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెడతావు. వంటింట్లోకి రానివ్వరు, గుమ్మం దాటనివ్వరు. నేను నడిచినంత కాలం నడుద్దామనుకున్నాను. ఈ ఇంట్లో అయితే నాకు తెలుసు ఎక్కడేముందో. దాని ఇంట్లో నాకేం తెలుసు?"

దాని ఇల్లంటే కూతురిల్లు. నేను ఫోన్ చేసి ఆవిడను పంపించెయ్యబోయిన ఇల్లు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈవిడ మీద, మా ఆయన చెప్పిన తడినేల కథ మీద, అందరికంటే నా మీద.

శనివారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చాలాసేపు చూసి, పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవచ్చని చెప్పాడు. "ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే ఇంకాస్త మిగిలేది," అన్నాడు. ఆరు నెలల ముందే నేను గోడ తుడవడం మొదలుపెట్టాను. మా ఆయన బయట వరండాలోకి వెళ్ళి చాలాసేపు వాన చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం నేను ఒక అట్ట మీద గోడలకు పురికొస అంటించి, గుమ్మాల దగ్గర గుండీలు పెట్టి, మా ఇంటి పటం చేశాను. ఆవిడ గుండీల డబ్బాలోంచే తీశాను. ఆవిడ చేతిలో పెట్టాను. వేళ్ళతో పురికొస వెంట ఒక చుట్టు తిరిగారు.

"తప్పు," అన్నారు.

"ఏం తప్పు?"

"బీరువా నుంచి కిటికీకి నాలుగడుగులు. నువ్వు మూడే పెట్టావు. పిల్లలకు ఇలాగే చెబుతున్నావా?"

లేచి అడుగులేసి చూశాను. నాలుగే. నా పటంలోనూ, చార్టులోనూ, రెండింటిలోనూ తప్పే. కిక్కురుమనకుండా పురికొస పీకి మళ్ళీ అంటించాను.

ఆదివారం పొద్దున్నే వదిన వచ్చింది. అత్తగారు మంగళవారం సర్దుకున్న సంచిని ఆ పొద్దున తెచ్చి గది గుమ్మం పక్కన గోడవారన పెట్టుకున్నారు. దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. విషయం విన్న వదిన తల్లి చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను ముందుకొచ్చాను.

"వదినా, ఏమీ అనుకోకండి. అత్తయ్య రారు. ఇక్కడే ఉంటారు."

"ఎవరు చెప్పారు?" అన్నారు అత్తగారు. "పొమ్మన్నప్పుడూ నన్నడగలేదు, ఉండమన్నప్పుడూ నన్నడగవు. నేనేమన్నా నీ గుట్టనా చెరువునా, నీకు నచ్చిన చోట పెట్టుకోవడానికి?"

ఆవిడ మాట నిజం. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, ఎప్పుడూ ఆవిడ మాటే ఎందుకు నిజమవుతుందని.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. మీరిక్కడ ఉంటారా అత్తయ్యా?"

"హాల్లో ఆ బల్ల?"

"తీసేశాను."

"కుర్చీలు?"

"జరపను."

"గోడ మీద మరక పడిందని మళ్ళీ సాధిస్తావు."

"సాధించను."

"సాధిస్తావు. నీ నోరు నాకు తెలియదా?"

"అయితే సాధిస్తాను! ఉంటారా, ఉండరా? నా ప్రాణం తియ్యకుండా ఒక మాట చెప్పండి!" అని అరిచాను. వదిన బిత్తరపోయి చూసింది. మా ఆయన గోడ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

అత్తగారు లేచారు. ఎడమచెయ్యి గోడ మీద పెట్టుకుని చార వెంట తన గది వైపు నడిచారు. గుమ్మం దగ్గరికి రాగానే కాలికి సంచి తగిలింది. ఆగిపోయారు.

"ముందు ఈ సంచి తియ్యి అమ్మాయ్," అన్నారు. "నా దారికి అడ్డంగా ఉంది."

తీశాను.